దసరాకు హాస్టల్ ఖాళీ అయ్యేలోపు

మస్కట్‌లోనో దుబాయ్‌లోనో పుట్టి పెరిగి, సీబీఎస్ఈలో పన్నెండో తరగతి అయ్యాక ఎన్‌ఐటీలో సీటొచ్చి కాజీపేటలో దిగినవాళ్ళుంటారు. భివండి, షోలాపూర్, సూరత్‌లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగి, తాతల ఊరు దగ్గరే కదా అని కాకతీయ యూనివర్సిటీలో చేరినవాళ్ళుంటారు. విజయవాడ, విశాఖల నుంచి వచ్చినవాళ్ళు సరేసరి. ఈ సూచనలు మీకోసం. నేను హన్మకొండలో ఒక కాలేజీ హాస్టల్ చూసుకుంటాను. ఏటా వానాకాలంలో మీలాంటివాళ్ళు సామాన్లు దించుకుంటారు. చలి మొదలయ్యేసరికి కొందరు ఈ ఊరివాళ్ళయిపోతారు. కొందరు మాత్రం చదువు అయ్యేదాకా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉండి వెళ్ళిపోతారు. తేడా ఎక్కడ పడుతుందో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు చిల్లర పనులు

వరంగల్, హన్మకొండ, కాజీపేట ఒకదానికొకటి కలిసిపోయాయి గానీ రైల్వే స్టేషన్లు మాత్రం రెండు. ఢిల్లీ నుంచి సికింద్రాబాద్ వైపు పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ లాంటి బండ్లు కాజీపేటలో ఆగుతాయి, వరంగల్ స్టేషన్‌కు రావు. టికెట్ బుక్ చేసేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. ఒక్క పేరే కొట్టి, బండి లేదని హైదరాబాద్ చుట్టు తిరిగి వచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.

గల్ఫ్‌లో పెరిగినా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే, 182 రోజులు దేశంలో ఉండి ఉండాలన్న నిబంధన కోసం ఆగే పని లేకుండా వచ్చిన వెంటనే ఆధార్‌కు అప్లై చేసుకోవచ్చు. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకుని మొదటి వారంలోనే ఆ పని కానివ్వండి. సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ అన్నిటికీ తర్వాత అదే అడుగుతారు. ఆడపిల్లలకు ఒక మాట. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది గానీ, అది తెలంగాణలో నివాసం ఉన్నవాళ్ళకే. మీ కార్డు మీద మహారాష్ట్ర చిరునామా ఉంటే టికెట్ కొనాల్సిందే. కండక్టర్‌తో వాదన పెట్టుకోకండి, ఆయన చేతిలో ఏమీ లేదు.

అందరూ సెట్ అయిపోయారు, నేను తప్ప

రెండో నెలలో నా గదికి వచ్చే పిల్లలు దాదాపు అందరూ ఇదే మాట చెబుతారు. ఒకరు వెళ్ళిన గంటకు, వాళ్ళు ఎవరిని చూసి "సెట్ అయిపోయాడు" అన్నారో ఆ పిల్లవాడే వచ్చి అదే మాట అంటాడు. ఒకరి మాట ఒకరికి చెప్పలేను కాబట్టి ఇద్దరికీ టీ ఇప్పించి పంపిస్తాను.

ఈ సంగతి మీద మంచి ప్రయోగం ఒకటి జరిగింది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో సైన్స్ పత్రికలో దాని ఫలితాలు ప్రచురించారు. కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్న పిల్లలకు సీనియర్లు చెప్పిన మాటలు చదవడానికి ఇచ్చారు. ఇక్కడ ఇమడలేమేమో అని మొదట్లో మాకూ అనిపించింది, రానురాను అది పోయింది అన్నది వాటి సారం. తర్వాత ఆ పిల్లల చేతనే వాళ్ళ అనుభవం రాయించి, వచ్చే ఏడాది చేరేవాళ్ళకు చూపిస్తామని చెప్పి కెమెరా ముందు మాట్లాడించారు. అంతా కలిపి గంట సేపటి పని. ఆ తర్వాత మూడేళ్ళపాటు నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగయ్యాయి, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న తేడా సగానికి తగ్గింది.

అక్కడి లెక్క ఇక్కడ అచ్చంగా అలాగే వస్తుందని నేననను. నాకు నచ్చింది ఆ రెండో భాగం. ఓదార్పు మాటలు వినిపించి వదిలేయకుండా, వెనకాల వచ్చేవాళ్ళకు ఉపయోగపడే పనొకటి ఆ పిల్లల చేతికి అప్పగించారు. హాస్టల్లో నేను చూసింది కూడా అదే. ఎక్కడైతే మన చేతిలో పని పెడతారో, మనం రాకపోతే ఎక్కడ పని ఆగుతుందో, ఆ చోటు తొందరగా మనదవుతుంది.

పిలుపులు, మర్యాదలు

ఇక్కడ పెద్దవాళ్ళు కొత్తవాళ్ళను కూడా నువ్వు అనే పిలుస్తారు. మెస్సులో వడ్డించే ఆమె "తిన్నవా బిడ్డా" అంటే అది మగపిల్లవాడికైనా ఆడపిల్లకైనా ఒకటే, అందులో చిన్నచూపేమీ లేదు. కోస్తా నుంచి వచ్చినవాళ్ళకు మొదట్లో చివుక్కుమంటుంది, నెల తిరిగేసరికి అలవాటవుతుంది. మీరు మాత్రం ఆటో నడిపేవాళ్ళను అన్నా అనండి, వయసు మళ్ళినవాళ్ళను కాకా అనండి. గల్ఫ్ పిల్లలకు అంకుల్, ఆంటీ నోట్లో నానుతుంటాయి. పూలమ్మే ఆమెను ఆంటీ అనే బదులు అక్కా అని చూడండి, రెండు మూరలు ఎక్కువే కొలుస్తుంది. సార్లు, మేడమ్‌ల దగ్గర ఎప్పుడూ మీరే.

యాస గురించి ఒక్కటే చెబుతాను. సినిమాల్లో విన్నది పట్టుకుని క్లాసులో మిమిక్రీ చేయకండి. మీ "అండి"ని ఎవరైనా వెక్కిరిస్తే మీకెలా ఉంటుందో వాళ్ళకూ అలాగే ఉంటుంది. రోజూ వింటుంటే నాలుక్కి దానంతటదే పట్టుకుంటుంది.

పని అడగండి

బతుకమ్మ రోజుల్లో ఏ లేడీస్ హాస్టల్ ముందుకైనా మధ్యాహ్నం పూట వెళ్ళి చూడండి. వరండాలో తంగేడు, గునుగు, బంతి, సీతజడ కుప్పలుగా పోసి ఉంటాయి. గునుగు తెల్లగా ఉంటుంది. దాని కాడలన్నీ ఒకే పొడుగుకు కత్తిరించి, గుప్పెడు గుప్పెడు దారంతో కట్టి, కొసలను గులాబీ, నీలం రంగు నీళ్ళలో ముంచి ఆరబెట్టాలి. తాంబాళంలో కింద ఆకులు పరిచి, వరసకో రంగు చొప్పున గుండ్రంగా పేర్చుకుంటూ పోతారు. మధ్యలో ఖాళీని కత్తిరించిన కాడలు, ఆకులతో నింపకపోతే నాలుగో వరసకే ఒరిగిపోతుంది. ఒకరు పేరుస్తుంటే ఇంకొకరు పట్టుకోవాలి, మరొకరు పూలు అందించాలి. అన్నీ అయ్యాక పైన పసుపు గౌరమ్మ.

కొత్తగా వచ్చిన పిల్లలు చాలామంది అక్కడ ఫోన్ పట్టుకుని నిలబడతారు. వీడియో తీస్తారు, బాగుంది అంటారు, గదికి వెళ్ళిపోతారు. అలా నిలబడకండి. "అక్కా, కాడలు నేను కోస్తా" అని కత్తెర తీసుకుని కూర్చోండి. పాట రాకపోయినా ఫర్వాలేదు, చప్పట్లు పడే చోటు రెండు చుట్లు తిరిగితే తెలిసిపోతుంది. కత్తెర పట్టుకున్న పిల్లను మర్నాడు పేరు పెట్టి పిలుస్తారు. మగపిల్లలకూ పనుంది, పొద్దున్నే మార్కెట్‌కు పోయి పూలు తేవాలి, బేరం చేయడం అక్కడే నేర్చుకోవచ్చు.

ఇదే సూత్రం మిగతావాటికీ పనిచేస్తుంది. ఎన్‌ఐటీలో టెక్నోజియాన్, స్ప్రింగ్ స్ప్రీ లాంటి విద్యార్థుల ఉత్సవాలు జరిగినప్పుడు జనంలో నిలబడి చూస్తే ఫోటోలు మిగులుతాయి. కుర్చీలు వేయించే జట్టులో ఉంటే, అర్ధరాత్రి వైరు తెగినప్పుడు మీకు ఫోన్ చేసేవాళ్ళు మిగులుతారు. ఎన్ఎస్ఎస్ అంటే కాలేజీల్లో ఉండే జాతీయ సేవా పథకం, అందులో రెండేళ్ళకు 240 గంటలు పనిచేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. సర్టిఫికెట్ కోసం చేరినా సరే, చేరండి. దత్తత తీసుకున్న ఊళ్ళో ఉండి, వంతులవారీగా వండుకుని, కాలువ పూడిక తీసి వచ్చిన జట్టులో ఎవరూ ఎవరికీ కొత్తగా మిగలరు.

మన ప్రాంతంవాళ్ళ వాట్సాప్ గ్రూపులున్నాయి. మొదటి నెలలో అవి దేవుడిచ్చిన వరమే. ఏ డాక్టర్ మంచివాడో, ఏ మెస్సులో పప్పు నీళ్ళగా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా తిండి, తిరుగుడు, గొడవలు అన్నీ ఆ గ్రూపులోనే అయితే, వరంగల్‌కు వచ్చి మస్కట్‌లోనే ఉన్నట్టు.

ఆదివారాలు, ఆ తర్వాత దసరా

హాస్టల్లో కష్టమైన రోజు ఆదివారం. జనగామ, పరకాల, నర్సంపేట పిల్లలు శనివారం సాయంత్రమే బస్సెక్కుతారు. మీ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఇంటికి ఫోన్ చేస్తే ఏడుపొస్తుంది. ఆదివారానికి ఏదో ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడవొచ్చు. వేయి స్తంభాల గుడికి పోవచ్చు, అది 1163లో రుద్రదేవుడు కట్టించింది. ఖిలా వరంగల్‌లో తోరణాలు చూసి ఊరుకోకండి, ఆ కోట గోడల లోపల ఇప్పటికీ ఊరుంది, కిరాణా కొట్లు, బర్రెలు, బడి అన్నీ ఉన్నాయి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన రామప్ప గుడి కొంచెం దూరం, దానికి రోజంతా కేటాయించండి.

దసరా సంగతి వేరు. కాలేజీని బట్టి సెలవులు ఎక్కువ తక్కువలున్నా హాస్టల్ మొత్తం ఒక్క రోజులో ఖాళీ అవుతుంది. మెస్సు కూడా మూసేయవచ్చు. దుబాయ్ టికెట్ పెట్టుకుని ఆ నాలుగు రోజులకు వెళ్ళలేరు. కొందరు మొహమాటానికి "మా బంధువుల ఇంటికి పోతున్నా" అని చెప్పి, తలుపేసుకుని నూడుల్స్ తిని కాలక్షేపం చేస్తారు. అంత అవసరం లేదు. వారం ముందే తోటివాళ్ళతో "నేను ఎక్కడికీ పోవట్లేదు" అని మామూలుగా ఒక మాట అనండి. ఈ జిల్లాల్లో పండగపూట ఒక పిల్లవాడు హాస్టల్లో ఒంటరిగా ఉన్నాడంటే ఏ తల్లీ ఊరుకోదు.

వెళ్ళినప్పుడు తెలిసి ఉండాల్సినవి కొన్ని. సద్దుల బతుకమ్మ నాడు సత్తుపిండి, మలీద చేతిలో పెడతారు, వద్దనకండి. దసరా అంటే చాలా ఇళ్ళల్లో యాట కూర, అంటే మేక మాంసం ఉంటుంది. తినకపోతే బయల్దేరేముందే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. విస్తరి ముందు కూర్చున్నాక చెబితేనే ఇంటామెకు టెన్షన్. సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి అందరితో పాటు వెళ్ళండి. జమ్మి ఆకు తెచ్చి ఇంటి పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టాలి, ఆ రోజు దాన్ని బంగారం అంటారు. తోటివాళ్ళతో అయితే అలయ్ బలయ్, అంటే కౌగిలించుకోవడం. తిరిగొచ్చాక ఆ తల్లికి ఒక ఫోన్ చేయండి. చాలామంది పిల్లలు మర్చిపోయేది ఇదొక్కటే.

ఇక్కడే ఒక మాట. దూరం అంటే కిలోమీటర్లే అనుకోకండి. ఉట్నూరు దగ్గర గోండు గూడెం నుంచి కాకతీయ యూనివర్సిటీకి వచ్చిన పిల్లకు, ఇంట్లో తెలుగే మాట్లాడని పిల్లకు, ఈ క్యాంపస్ మీకన్నా ఎక్కువ పరాయిగా ఉండొచ్చు. ఆమె పక్కన కూర్చోవడానికి మీరు స్థానికులు కానక్కర్లేదు.

నెలలు గడిచినా నిద్ర పట్టకపోతే, క్లాసుకు పోబుద్ధి కాకపోతే దాన్ని ఇంటి బెంగ అని కొట్టేయకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎవరైనా పరిచయం పేరుతో పీడిస్తుంటే అది ర్యాగింగే. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. మీ వార్డెన్‌కు చెప్పినా సరే, అర్ధరాత్రి లేపినందుకు ఏ మంచి వార్డెనూ విసుక్కోడు. విసుక్కుంటే ఇంకా పై వాళ్ళకు చెప్పండి.

ఇది చదువుతున్న ఇక్కడి పిల్లలకు కూడా ఒక సంగతి చెప్పాలి. "ఎప్పుడన్నా మా ఇంటికి రారా" అనేది పిలుపు కింద లెక్క కాదు. ఆ మాట పట్టుకుని ఎవరూ బయల్దేరలేరు. రోజు చెప్పండి, టైమ్ చెప్పండి, బస్సు చెప్పండి. శనివారం నాలుగింటికి హన్మకొండ బస్టాండ్‌లో పరకాల బస్సు దగ్గర ఉండు, నేను సీటు ఆపుతా, మా అమ్మ సర్వపిండి చేస్తానంది, మధ్యాహ్నం మెస్సులో కొంచెమే తిను అని చెప్పండి.