పిల్లల సర్జన్ అవుతున్నారా? ఆపరేషన్లతోనే ఆగిపోకండి

ఎంబీబీఎస్, మూడేళ్ల ఎంఎస్ జనరల్ సర్జరీ, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి, పిల్లల సర్జరీలో ఇంకో మూడేళ్ల ఎంసీహెచ్ డిగ్రీ. ఈ దారి మీకు తెలిసిందేగా, వదిలేద్దాం. ఆపరేషన్లు కాక చేయగలిగిన పాఠాలు, రీసెర్చ్, గ్లోబల్ హెల్త్ గురించి చెబుతా.

పాఠాలు చెప్పాలనుంటే టీచింగ్ ఆసుపత్రిలోనే చేరండి, కార్పొరేట్ జీతం ఊరిస్తుంది, నిజమే. అసలు నేర్పడం బెడ్ పక్కనే. మలద్వారం లేకుండా పుట్టిన మగబిడ్డ వస్తే జూనియర్ కంగారుపడి కత్తి పట్టకుండా, ముక్కులో గొట్టం వేసి, సెలైన్ పెట్టి, గుండె, కిడ్నీలు చూసి, దాదాపు 24 గంటలు ఆగి మూత్రంలో మలం వస్తోందేమో గమనించి, ఎక్స్‌రే తీయించాక, కొలాస్టమీ (మలం బయటికి రావడానికి పొట్ట మీద దారి పెట్టే ఆపరేషన్) చేయాలా వద్దా అన్నది తనే తేల్చేలా చూడాలి. మీరు నోరు మూసుకుని నిలబడటమే కష్టం!

రీసెర్చ్‌కి పెద్ద ల్యాబేం అక్కర్లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, బిడ్డను పుట్టిన ఎన్ని గంటలకు తెచ్చారు, ఎంత దూరం నుంచి, వచ్చేసరికి ఒళ్లు చల్లబడిందా అని ఎక్సెల్ షీట్‌లో రాస్తూ పోండి.

ఇక గ్లోబల్ హెల్త్. సురక్షితమైన, భరించగలిగే సర్జరీ 500 కోట్ల మందికి అందడం లేదని 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ చెప్పింది. అలాగని వేరే దేశం వెళ్లి వారంలో కేసులు చేసేసి ఫోటోలు దిగి రావడం నాకు నచ్చదు. అక్కడి సర్జన్‌కి, నర్సులకి, అనస్థీషియా వాళ్లకి నేర్పండి, మీరు విమానం ఎక్కాక కుట్లు విడిపోతే చూసుకోవాల్సింది వాళ్లే.