టీనేజ్ పిల్లలకు ఫోన్ బాధ్యతగా వాడటం నేర్పడం ఎలా?

పదో తరగతి అయిపోయాకో, ఇంటర్‌లో చేరేటప్పుడో చాలా ఇళ్లలో పిల్లల చేతికి సొంత ఫోన్ వస్తుంది. ఇక ఆ రోజు నుంచి గొడవంతా "ఎంతసేపు చూస్తావు?" అన్నదాని మీదే. టైమ్ సంగతి చూడాల్సిందే. కానీ రోజుకు గంట మాత్రమే ఫోన్ పట్టుకునే పిల్లాడు కూడా ఆ గంటలో క్లాస్‌మేట్ ఫొటో మార్ఫింగ్ చేసి గ్రూపులో పెట్టగలడు. ఎంతసేపు వాడుతున్నారన్నదాని కన్నా, ఆ ఫోన్‌తో ఎవరిని ఏం చేస్తున్నారన్నది ముందు పట్టించుకోవాలి. అది ఇంట్లో నేర్పాల్సిన విషయమే.

1. ముందు పెద్దవాళ్ల అలవాటు మారాలి

పిల్లల మార్కుల లిస్టు, పుట్టినరోజు ఫొటోలు, ఎప్పుడో చిన్నప్పుడు స్నానం చేయిస్తూ తీసిన ఫొటోలు కూడా వాళ్లను అడక్కుండా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తుంటాం. ఇకనుంచి అడిగి పెట్టండి. "ఇది స్టేటస్‌లో పెట్టనా?" అంటే "వద్దమ్మా" అన్నారనుకోండి, అక్కడితో ఆపేయండి. బతిమాలొద్దు, అలగొద్దు. తన "వద్దు"కు ఇంట్లో విలువ ఉందని తెలిసిన పిల్లలకు ఎదుటివాళ్ల "వద్దు"ను గౌరవించమని చెప్పడం తేలిక.

2. ఇంకొకరి ఫొటో వాళ్ల సొత్తు అని నేర్పండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది దీని మీదే. నియమం చిన్నది: వేరేవాళ్లు ఉన్న ఫొటో, వీడియో, వాయిస్ మెసేజ్, చాట్ స్క్రీన్‌షాట్ ఏదైనా సరే, వాళ్లను అడక్కుండా బయటికి పంపకూడదు. ఫొటో సంగతి చెబితే పిల్లలు ఒప్పుకుంటారు, స్క్రీన్‌షాట్ మాత్రం తప్పనే అనుకోరు. స్నేహితురాలు రాత్రి మనసు విప్పి రాసుకున్న నాలుగు మాటలు తెల్లారేసరికి క్లాస్ గ్రూపులో ఉంటే, సోమవారం ఆ పిల్ల కాలేజీకి ఎలా వెళ్తుంది? ఈ ప్రశ్న మీ పిల్లల్ని అడిగి, జవాబు వాళ్లనే చెప్పనివ్వండి. క్లాసులో నిద్రపోతున్నవాడి ఫొటోతో స్టిక్కర్ చేశారా? నవ్వుతున్నది ఎవరు, నవ్వలేకపోతున్నది ఎవరు అని అడగండి. లెక్చర్ ఇవ్వొద్దు.

మన ఇళ్లలో ఒక అన్యాయం జరుగుతోంది. జాగ్రత్తలన్నీ ఆడపిల్లలకే చెబుతాం. "ఫొటోలు పెట్టకు, ఎవరితోనూ చాట్ చేయకు" అంటాం. అబ్బాయిని కూర్చోబెట్టి "నీ దగ్గరికి ఎవరి ఫొటో వచ్చినా నీ దగ్గరే ఆగిపోవాలి" అని చెప్పే ఇల్లు ఎంత అరుదో చూడండి. ఈ మాట ముందు చెప్పాల్సింది అబ్బాయిలకే.

చట్టం సంగతి కూడా దాచకుండా చెప్పండి. అనుమతి లేకుండా ఒకరి శరీరపు రహస్య భాగాల ఫొటో తీసినా, పంపినా ఐటీ చట్టం సెక్షన్ 66ఇ కింద మూడేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. 18 ఏళ్లలోపు వారి అశ్లీల చిత్రాలైతే 67బి వర్తిస్తుంది. దాని కింద పంపడమే కాదు, డౌన్‌లోడ్ చేసుకోవడమూ నేరమే. "నేను తీయలేదు, ఫార్వర్డ్ చేశానంతే" అన్న మాట అక్కడ చెల్లదు.

3. ఫార్వర్డ్ నొక్కే ముందు ఆగడం అలవాటు చేయండి

2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయంటూ తెలుగు రాష్ట్రాలతో పాటు దేశమంతా వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి. వాటిని నమ్మిన జనం అమాయకులను కొట్టి చంపారు. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఒక్క ఘటనలోనే ఐదుగురు చనిపోయారు. అప్పుడు తిరిగిన ఒక వీడియో నిజానికి పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన వీడియో. చివర్లో అసలు సంగతి చెప్పే ముక్కను ఎవరో కత్తిరించి వదిలారు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, జానపద పాటలతో పుకార్ల గురించి జనానికి చెప్పించారు. వాట్సాప్ కూడా అదే ఏడాది మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా పరిమితి పెట్టింది.

ఈ కథ పిల్లలకు పూర్తిగా చెప్పండి. తర్వాత మీ ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన ఒక ఫార్వర్డ్ తీసి ఇద్దరూ కలిసి పరీక్షించండి. తేదీ ఉందా? మొదట చెప్పింది ఎవరు? ఫొటోను గూగుల్ లెన్స్‌లో వెతికితే పాతదని తేలుతోందా? మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. పెదనాన్న పంపిన మెసేజ్ తప్పని తేలితే, గ్రూపులో ఆయన పరువు తీయకుండా విడిగా "పెదనాన్నా, ఇది పాత వీడియోనండి" అని మర్యాదగా చెప్పడం కూడా నేర్పాలి.

4. ఏఐ వాడితే వాడానని చెప్పమనండి

హోంవర్క్‌లో అర్థం కానిది ఏఐని అడిగి తెలుసుకుంటే మంచిదే. అది రాసిచ్చింది యథాతథంగా తన పేరుతో ఇవ్వడం మోసమే. పుస్తకం మూసి అదే విషయాన్ని సొంత మాటల్లో మీకు చెప్పగలిగితే సరే.

5. పాస్‌వర్డ్, బ్యాంకు అకౌంట్ ఎవరికీ ఇవ్వొద్దు, ఎవరివీ వాడొద్దు

సరదాగా స్నేహితుడి ఇన్‌స్టాలో దూరడం సరదా కాదు. దురుద్దేశంతో ఇంకొకరి పాస్‌వర్డ్ వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సి కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది. "నీ అకౌంట్‌లో డబ్బు వేస్తాం, కమీషన్ ఉంచుకుని మిగతాది పంపు" అనేవాళ్లు కాలేజీ పిల్లల చుట్టూ తిరుగుతుంటారు. అది ఎవరో మోసపోయి పోగొట్టుకున్న డబ్బు. పోలీసులు ముందు వచ్చేది ఆ అకౌంట్ ఉన్నవాళ్ల ఇంటికే.

6. తప్పు జరిగితే చెప్పుకునే దారి ఉంచండి

"ఏం జరిగినా నాకు చెప్పు, ఫోన్ లాక్కోను" అని ముందే మాట ఇవ్వండి, దాని మీద నిలబడండి. ఫోన్ పోతుందన్న టెన్షన్‌తోనే పిల్లలు బెదిరింపులను దాచుకుంటారు. ఎవరైనా ఫొటోలతో బెదిరిస్తే డబ్బు ఇవ్వొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. నంబరు, ప్రొఫైల్ లింకు రాసిపెట్టుకుని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయండి. సాక్ష్యం కోసమని ఆ ఫొటోను మాత్రం ఇంకెవరికీ పంపొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి, పిల్లలకు సాయం కావాలంటే 1098కి ఫోన్ చేయండి. 18 ఏళ్లలోపు తీసిన నగ్న ఫొటోలు పాకకుండా ఆపేందుకు 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ కూడా ఉంది. దానికి ఫొటోను అప్‌లోడ్ చేయనక్కర్లేదు.

ఒకవేళ తప్పు చేసింది మీ పిల్లలే అయితే వెనకేసుకు రావొద్దు. ముందు ఆ పోస్టు తీయించండి. ఎవరెవరికి వెళ్లిందో తన చేతే రాయించి, ఒక్కొక్కరికీ తనే మెసేజ్ పెట్టి డిలీట్ చేయమని అడగమనండి. తర్వాత ఆ పోస్టు వల్ల బాధపడినవాళ్ల ఇంట్లోవాళ్లు రమ్మంటే మీరూ తోడు వెళ్లండి. క్షమాపణ మాత్రం తన నోటితోనే చెప్పనివ్వండి.