హెచ్‌పీవీ పరీక్ష చేయించుకుంటున్నారా? రిపోర్ట్ వదిలేయకండి

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో 2022లో దాదాపు 3.5 లక్షల మంది ఆడవాళ్లు చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 94 శాతం తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాలవాళ్లే. కారణం దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్), ఎక్కువగా కలయిక ద్వారా సోకే వైరస్. సహారాకు దిగువనున్న ఆఫ్రికా దేశాల్లో సుమారు 24 శాతం మంది స్త్రీలలో ఇది కనిపిస్తోంది. నిజానికి ఇది ఎవరికైనా సోకుతుంది. పేదవాళ్ల ప్రాణాలు ఎక్కువగా పోతున్నది పరీక్ష, చికిత్స సమయానికి అందక.

ఉచిత శిబిరం పెట్టినప్పుడు కొంప ముంచే పొరపాటు ఒకటుంది. పరీక్ష చేయించుకుంటారు, రిపోర్ట్ కోసం మళ్లీ వెళ్లరు. కూలి పోతుందని కొందరు, ఒంట్లో బాగానే ఉంది కదా అని కొందరు, ఏం వస్తుందోనన్న టెన్షన్‌తో ఇంకొందరు. బాగానే ఉండటం ఇక్కడ లెక్కలోకి రాదు. చాలామందిలో వైరస్ ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోనివాళ్లలో క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15-20 ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ నొప్పి ఉండదు. చికిత్స తేలికగా అయిపోయే కాలం అదే.

పరీక్షకు ముందు రెండు రోజులు కలయిక వద్దు, లోపల మందులు పెట్టుకోవద్దు. నెలసరిలో వెళ్లకండి. గర్భంతో ఉంటే ముందే చెప్పండి. లోపలి పరీక్షకు సిగ్గనిపిస్తే, నమూనా మీరే తీసుకునే వీలుందేమో అడగండి.

పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. భర్తనో భార్యనో అనుమానించడానికి సాక్ష్యమూ కాదు, ఎప్పుడో సోకి ఏళ్లతరబడి బయటపడకుండా ఉండొచ్చు. కానీ రిపోర్ట్ తీసుకోవాల్సిందే.

రిపోర్ట్ ఏ రోజు, ఎవరిస్తారో అడిగి రాయించుకోండి. మీ చేతిలో ఉండే ఫోన్ నంబరే ఇవ్వండి. పాజిటివ్ వస్తే అదే రోజు చికిత్స చేస్తారా అని అడగండి. చేస్తామంటే చేయించుకునే రండి. చికిత్స తర్వాత నెల రోజులు కలయిక వద్దు. ఏడాది తర్వాత మళ్లీ పరీక్ష. హెచ్‌ఐవీ ఉంటే 25 ఏళ్లకే పరీక్షలు మొదలుపెట్టండి, మిగతావాళ్లు 30కి. ఆడపిల్లలకు 9-14 ఏళ్ల మధ్య హెచ్‌పీవీ టీకా వేయించండి. టీకా వేయించుకున్నా పెద్దయ్యాక పరీక్ష మానొద్దు. కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక రక్తస్రావమైనా శిబిరం కోసం ఆగొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పోయినసారి పరీక్ష చేయించుకుని రిపోర్ట్ తీసుకోనివాళ్లు రేపే వెళ్లి అడగండి. అది దొరక్కపోతే మళ్లీ చేయించుకోండి.