కార్యాలయ పని మీద హనోయ్ వెళ్లినప్పుడు నగరాన్ని చూడటం ఎలా?

పని మీద హనోయ్ వెళ్లేవారు ఊరు చూడటాన్ని సాయంత్రానికి వాయిదా వేసుకుంటారు. అది పొరపాటు. వియత్నాం సమయం మనకంటే గంటన్నర ముందుంటుంది కాబట్టి, అక్కడ 6 గంటలకు సమావేశం ముగించుకుని బయటపడేసరికి హైదరాబాదులో 4.30 మాత్రమే అవుతుంది, ఇక్కడి నుంచి వచ్చే ఆఫీసు ఫోన్లు ఆగవు. ఇక్కడ 9.30కి పని మొదలయ్యేసరికి అక్కడ 11 అవుతుంది కనుక, నిజంగా మీ చేతిలో ఉండేది ఉదయమే.

అందుకే ముందుగా హ్వాన్ కియెమ్ సరస్సుకు నడిచి వెళ్లగలిగే దూరంలో బస చూసుకోండి. మొదటి రోజు 6 గంటలకే సరస్సు గట్టుకు చేరితే, వ్యాయామం చేసే పెద్దలనూ, న్గోక్ సన్ ఆలయానికి దారితీసే ఎర్రని చెక్క వంతెననూ ఎండ ముదరకముందే చూడవచ్చు. అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే పాత బజారు వస్తుంది. ‘హాంగ్’ అంటే సరుకు. హాంగ్ బాక్ వెండి వీధి, హాంగ్ మా పితృదేవతల పేరిట కాల్చే కాగితపు వస్తువుల వీధి. రోడ్డు దాటేటప్పుడు పరుగెత్తకుండా, మధ్యలో ఆగకుండా, ఒకే వేగంతో నెమ్మదిగా నడవండి. మోటారు సైకిళ్లే మిమ్మల్ని తప్పించుకుని పోతాయి. మొదటిసారి గుండె దడదడలాడటం ఖాయం.

ఉపాహారానికి అదే వీధుల్లో ‘ఫో’ తినండి. ఎముకలను గంటల తరబడి మరిగించిన రసంలో వేసిచ్చే బియ్యపు నూడుల్స్ ఇవి. ‘ఫో బో’ అంటే గొడ్డు మాంసం, ‘ఫో గా’ అంటే కోడి; పట్టింపు ఉన్నవారు ఈ రెండు మాటలూ గుర్తుంచుకోవాలి.

రెండో ఉదయం వాన్ మియెవ్‌కు కేటాయించండి. 1070లో కన్ఫ్యూషియస్ పేరిట కట్టిన ఈ ఆలయంలో 1076లో రాచ విద్యాలయం వెలిసింది. రాజ్యస్థాయి పరీక్షల్లో నెగ్గిన పండితుల పేర్లు చెక్కిన 82 శిలాఫలకాలు రాతి తాబేళ్ల వీపుల మీద నిలిచి ఉన్నాయి. లీ థాయ్ తో అనే రాజు 1010లో రాజధానిని తెచ్చిన థాంగ్ లాంగ్ కోట కూడా దగ్గరిదే. 2010లో యునెస్కో జాబితాకెక్కింది. గంట మాత్రమే ఉంటే నా ఓటు వాన్ మియెవ్‌కే. హో చి మిన్ సమాధి మందిరం ఉదయం పూటే తెరుస్తారు, సోమ, శుక్రవారాల్లో తెరవరు.

మధ్యాహ్నం స్థానికులు తినేది ‘బున్ చా’, అంటే నిప్పుల మీద కాల్చిన పంది మాంసంతో తినే బియ్యపు నూడుల్స్. రాత్రి అతిథులతో కూర్చోవలసివస్తే ‘చా కా’ అడగండి: పసుపు పట్టించిన చేపను సోయికూరతో మన బల్ల మీదే వేయించి, వేరుశనగపప్పు చల్లుకుని తింటారు, మన నాలుకకు కొత్తనిపించదు. పాల కొరత కాలంలో, 1946లో పుట్టిన గుడ్డు కాఫీ రెండు సమావేశాల నడుమ పావుగంటలో ముగుస్తుంది.

శాకాహారులకు కూరగాయల వంటకం కూడా నమ్మదగినది కాదు, ఎందుకంటే అందులోనూ చేపలను పులియబెట్టి తీసిన రసం కలుపుతారు. కాబట్టి ‘చాయ్’ అని రాసిన భోజనశాల వెతుక్కోవాలి. అక్కడ చాయ్ అంటే టీ కాదు, శాకాహారం. చాంద్రమాసపు మొదటి రోజున, పదిహేనో రోజున స్థానికులే ఎందరో మాంసం మానేస్తారు గనుక, ఆ రెండు రోజుల్లో ఇలాంటి భోజనం మరింత తేలికగా దొరుకుతుంది.