ఇంట్లోనే ఇంగ్లీషు – 9వ పాఠం: ‘నాకు’ అన్నచోటల్లా ‘మి’ రాదు

ఐ, హి, షి, వి, దే కర్తగా వచ్చే సర్వనామాలని కిందటి పాఠంలో చూశాం. కర్మగా వచ్చినప్పుడు ఇవే వరసగా మి, హిమ్, హర్, అస్, దెమ్ అవుతాయి. యు, ఇట్ ఎక్కడైనా ఒకటే. ఈ జంటలు పది నిమిషాల్లో నోటికి వస్తాయి. తెలుగువాళ్లకు అసలు చిక్కు ‘నాకు’ దగ్గరే.

‘రవి నాకు చెప్పాడు’ అంటే ‘రవి టోల్డ్ మి’. ఇక్కడ నాకు అంటే మి, సరిపోయింది. కానీ ‘నాకు ఆకలిగా ఉంది’ అనాలంటే ‘ఐ యామ్ హంగ్రీ’. ‘నాకు తెలుసు’ అంటే ‘ఐ నో’. ‘నాకు ఇద్దరు పిల్లలు’ అంటే ‘ఐ హావ్ టూ చిల్డ్రన్’. ఈ మూడింటిలో మి కనబడదు. తెలుగులో ఆకలి, జ్వరం, జ్ఞాపకం మనిషికి కలుగుతాయి, క్రియ కూడా వాటి వెంటే నడుస్తుంది. ‘నాకు జ్వరం వచ్చింది’ అంటాం గానీ ‘వచ్చాను’ అనం కదా! ఇంగ్లీషు ఆ మనిషినే కర్తను చేస్తుంది.

అందుకని ‘కు’ను చూసి సర్వనామం పెట్టకండి. ముందు ఇంగ్లీషు క్రియ ఏదో తేల్చుకోండి. ఆ క్రియ ఎవరిదో అడగండి. ‘నాకు గుర్తుంది’కి క్రియ రిమెంబర్. గుర్తుంచుకున్నది ఎవరు? నేను. కాబట్టి ‘ఐ రిమెంబర్’. ‘ఆమె నాకు సాయం చేసింది’కి క్రియ హెల్ప్. చేసింది ఆమె, అందుకున్నది నేను. కాబట్టి ‘షి హెల్ప్డ్ మి’.

టు, ఫర్, విత్, ఫ్రమ్, బిట్వీన్ లాంటి ప్రిపొజిషన్ల తర్వాత రెండో రూపమే: విత్ హర్, ఫ్రమ్ దెమ్, బిట్వీన్ యు అండ్ మి. పక్కన ఇంకో పేరున్నప్పుడు సందేహం వస్తే ఆ పేరును వేలితో మూసి చదవండి. ‘షి కాల్డ్ రవి అండ్ ఐ’లో రవిని మూస్తే ‘షి కాల్డ్ ఐ’ మిగులుతుంది, తప్పు వెంటనే తెలిసిపోతుంది.

ఇంకో రెండు సంగతులు. ‘వచ్చాను’లో నేను దాగి ఉంది. ‘కేమ్’లో ఎవరూ లేరు, కర్త ఎవరైనా కేమ్ ఒకటే. అందుకే ఐ, షి, దే ఏదో ఒకటి చెప్పి తీరాలి. అలాగే ‘నాన్నగారు వచ్చారు’ను ‘దే కేమ్’ అనకూడదు, ‘హి కేమ్’ అనాలి. ఇంగ్లీషు హిలో వాడు, అతను, ఆయన ముగ్గురూ ఉన్నారు. దానివల్ల మర్యాద తగ్గదు, నిస్సంకోచంగా వాడండి.

అభ్యాసం: కింది జవాబులు మూసిపెట్టి, ఒక్కో వాక్యాన్ని పైకి చెప్పండి.

1. వాళ్లకు ఇంగ్లీషు వచ్చు.
2. ఆమె మాకు లెక్కలు నేర్పింది.
3. ఆమెకు భయంగా ఉంది.
4. అతనికి ఉత్తరం రాశాను.

జవాబులు: 1. దే నో ఇంగ్లిష్. 2. షి టాట్ అస్ మ్యాథ్స్. 3. షి ఈజ్ అఫ్రెయిడ్. 4. ఐ రోట్ హిమ్ ఎ లెటర్. నాలుగో దానిలో ఐ మరిచిపోయినవాళ్లు ‘వచ్చాను’, ‘కేమ్’ తేడా చెప్పిన పేరా మళ్లీ చదవండి. మూడో దానిలో హర్ అన్నవాళ్లు క్రియను ఎంచుకోకముందే సర్వనామం పెట్టేశారు.

వచ్చే పాఠంలో ‘తన’: అది ఎప్పుడు హిజ్, ఎప్పుడు హర్, ఎప్పుడు ఇట్స్ అవుతుందో చూద్దాం.