చార్ కమాన్ కూడలి చరిత్రను నడుస్తూ చదవడం ఎలా

హైదరాబాద్ పాతబస్తీకి వెళ్ళినవారు సాధారణంగా చార్మినార్ చూసి, గాజులు కొనుక్కుని తిరిగి వస్తారు. నగరం పుట్టినప్పుడు రాజధానికి నడిబొడ్డుగా ఉన్న చౌకు మాత్రం చార్మినార్‌కు ఉత్తరాన, కొద్ది నిమిషాల నడక దూరంలో, చార్ కమాన్ అనే నాలుగు కమానుల మధ్య ఉంది. దాన్ని చూడాలంటే ముందు దుకాణాలు తెరవని వేళను ఎంచుకోవాలి. ఆదివారం ఉదయం ఏడు గంటలకు వెళితే వాహనాల రద్దీ ఉండదు, కమానుల పైభాగం బోర్డుల చాటుకు పోకుండా కనిపిస్తుంది.

నడకను చార్మినార్ వైపు నుంచి కాక మదీనా చౌరస్తా నుంచి దక్షిణంగా మొదలుపెట్టండి. దారిలో పత్తర్‌గట్టీ రాతి వరండాలను చూసి అవి కుతుబ్‌షాహీల నాటివని పొరపడవద్దు. 1908 మూసీ వరద తరువాత ఏర్పడిన నగరాభివృద్ధి మండలి 20వ శతాబ్దంలో వాటిని కట్టించింది. ఆ వరుసకు సమీపంలోనే ఉన్న బాద్‌షాహీ ఆషుర్‌ఖానా (మొహర్రం సంతాప మందిరం) మాత్రం 1590ల నాటిది. అక్కడ గోడ పైభాగంలోని రంగుల పింగాణీ పలకలను, వరదకు దెబ్బతిన్న తరువాత కిందిభాగంలో రంగులతో గీసిన నమూనాలను పక్కపక్కన పెట్టి చూడండి. పాతదేదో, పాతదానిని పోలినదేదో గుర్తుపట్టే అలవాటు కంటికి అక్కడే ఏర్పడుతుంది.

మఛ్లీ కమాను దాటగానే చౌకులో అడుగుపెట్టినట్టే. మధ్యలో ఉన్న చిన్న ఫౌంటెన్ గుల్జార్ హౌజ్. దాని పాత పేరు చార్‌సూ కా హౌజ్, అంటే నాలుగు దిక్కుల కొలను. దాని పక్కన నిలబడి నాలుగు దిక్కులూ చూడండి. ఉత్తరాన మఛ్లీ కమాను, దక్షిణాన చార్మినార్ కమాను, తూర్పున కాలీ కమాను, పడమట షేర్-ఎ-బాతిల్ కమాను ఉంటాయి. 1591లో గోల్కొండ ఐదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించగా, 1592 ప్రాంతంలో ఈ కమానులు లేచాయి. నగర రూపకల్పనలో పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీది ముఖ్యపాత్ర.

ఇప్పుడు ఒక కమాను నుంచి ఎదుటి కమాను దాకా అడుగులు లెక్కపెడుతూ నడవండి. ఆ మధ్యనున్న దుకాణాలనూ ఇళ్ళనూ మనసులో తొలగించుకుంటే, రాజప్రాసాదం ముందు సైన్యం బారులు తీరిన జిలూఖానా మైదానం ఎంతటిదో తెలుస్తుంది. నా దృష్టిలో ఈ నడకకు ప్రాణం ఈ లెక్కే. బొమ్మలు చూసినంత మాత్రాన ఆ వైశాల్యం అంతుపట్టదు.

ఎక్కువసేపు గడపవలసింది పడమటి కమాను దగ్గర. రాజమహళ్ళకు దారి అదే. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైన తరువాత ఆ మహళ్ళు క్రమంగా రూపుమాసిపోగా, వాకిలి మాత్రం మిగిలింది. దాని పేరును కూడా చెవిపెట్టి వినండి: ‘సెహ్ర్-ఎ-బాతిల్’ అంటే మంత్రప్రభావం తొలగించేది అని అర్థం. అది జనం నోళ్ళలో నలిగి ‘షేర్’గా, అంటే సింహంగా మారింది. తూర్పున ఉన్న కాలీ కమాను ఒకప్పుడు నగారాఖానా. రాచ నగారాలు అక్కడ మోగేవి. మఛ్లీ కమానుకు చేప బొమ్మ వేలాడదీసేవారని స్థానికులు చెబుతారు.

ఇంటికి వచ్చాక పాత ఫొటోలను పోల్చి చూడదలిస్తే గడియారాలను ఆసరా చేసుకోండి. చార్మినార్ నాలుగు వైపులా గడియారాలు 1889లో అమరాయి కనుక, అవి లేని ఫొటో అంతకు ముందుదే. యాత్రికుల రచనల్లో వెతికేటప్పుడు ‘హైదరాబాద్’ అన్న మాటతోనే ఆగవద్దు. 17వ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికులు తావెర్నియే, తెవెనో ఈ నగరాన్ని బాగ్‌నగర్ అని రాశారు.

చివరగా చార్మినార్ కమాను కిందికి వచ్చి, వెంటనే దాటిపోకుండా లోపలే ఆగండి. ఎదురుగా కమాను చట్రంలో చార్మినార్ నిండుగా నిలుస్తుంది. వెనక్కి తిరిగితే గుల్జార్ హౌజ్ మీదుగా మఛ్లీ కమాను దాకా ఒకే వరుస కనిపిస్తుంది. ఆ వరుసను కాగితం మీద గీసుకుని, మీరు లెక్కించిన అడుగుల సంఖ్యను దాని పక్కనే రాసుకోండి.