లేఆఫ్ మాట వినపడగానే ఇన్సూరెన్స్ గడువులు చూసుకోండి

మీటింగులో మేనేజరు గొంతు మారిందంటే అమెరికాలో మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది వీసా. హెచ్‌1బీ మీదున్నవాళ్లకు ఉద్యోగం పోయాక 60 రోజుల వరకు గడువుంటుందని అందరికీ తెలుసు. హెల్త్ ఇన్సూరెన్స్‌కీ ఇలాంటి గడువులున్నాయని నాకు మాత్రం ఉద్యోగం పోయాకే తెలిసింది.

నా ల్యాప్‌టాప్ ఉదయం పదింటికి లాక్ అయింది. ప్లాన్ కాగితాలు, మెంబర్ నంబరు అన్నీ అందులోనే ఉండిపోయాయి. మీరు ఇవాళే వాటిని డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. హెచ్‌ఆర్ దగ్గరున్న ఇంటి అడ్రస్ కూడా సరిచూసుకోండి. ఉద్యోగం పోయాక పాత ఇన్సూరెన్సునే సొంత డబ్బుతో కొనసాగించుకునే వీలునిచ్చే చట్టం కోబ్రా. దాని నోటీసు ఎక్కువగా పోస్టులోనే వస్తుంది. నాది పాత అపార్ట్‌మెంటుకు వెళ్లింది. అక్కడ దిగిన తెలుగువాళ్లు పిజ్జా కూపన్ల మధ్యలోంచి ఏరి ఫోటో పంపబట్టి బతికిపోయాను.

హెచ్‌ఆర్‌ను మొదట అడగాల్సింది కవరేజీ ఏ తేదీన ఆగుతుందని. కొన్ని ప్లాన్లు చివరి పనిరోజుతో ఆగిపోతాయి, కొన్ని నెలాఖరు దాకా ఉంటాయి. సెవరెన్స్ డబ్బు (ఉద్యోగంలోంచి తీసేస్తూ ఇచ్చే పరిహారం) ఇచ్చారు కదా, ఇన్సూరెన్సూ ఉంటుందిలే అనుకోవద్దు. మెయిల్‌లో రాయించుకోండి.

కోబ్రా 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం. 20 మందికి తగ్గకుండా ఉద్యోగులున్న కంపెనీలో పని పోతే పాత ప్లానునే 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు. కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మన నెత్తినే పడుతుంది, పైన 2 శాతం ఖర్చులు అదనం. బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. అయినా వెంటనే పారేయకండి. నోటీసు పంపిన తేదీ, కవరేజీ పోయిన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాత వస్తే దాన్నుంచి ఒప్పుకోవడానికి 60 రోజులుంటాయి. ఒప్పుకున్నాక మొదటి సొమ్ము కట్టడానికి మరో 45 రోజులు. ఎప్పుడు ఒప్పుకున్నా కవరేజీ పోయిన రోజునుంచే వర్తిస్తుంది. అంటే యాభయ్యో రోజున మెట్ల మీద జారి కాలు విరిగినా, అప్పుడు కోబ్రా తీసుకోవచ్చు. మొదటి రోజునుంచి ప్రీమియం కట్టాలి, అంతే. ఇంటిల్లిపాదీ తీసుకోవాలనీ లేదు. భార్య గర్భిణి అయితే ఆమె ఒక్కరికే తీసుకోవచ్చు. కంపెనీయే మూతపడి ప్లాన్ రద్దయితే మాత్రం కోబ్రా కూడా ఉండదు.

కోబ్రానే చూసుకుంటూ కూర్చుంటే మిగతా తలుపులు మూసుకుపోతాయి. భార్యాభర్తల్లో ఇంకొకరికి కంపెనీ ప్లాన్ ఉంటే అందులో చేరడానికి సాధారణంగా 30 రోజులే. నాకు టెన్షన్ పెట్టింది ఇదే, 27వ రోజున ఫారం ఇచ్చాం. ఎవరికి వారు ఇన్సూరెన్స్ కొనుక్కునే ఒబామాకేర్ మార్కెట్‌ప్లేస్‌లో కవరేజీ పోయాక 60 రోజులు ఉంటాయి, పోకముందే కూడా అప్లై చేయొచ్చు. షుగరు, బీపీ ఉన్నాయని అక్కడ కాదనకూడదు. ఆ 60 రోజులు దాటాక, ఖరీదైందని కోబ్రా మధ్యలో మానేస్తే, మామూలుగా ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా అందరూ చేరగలిగే గడువు) దాకా ఆగాల్సిందే.

హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చుల కోసం మీ పేరున ఉండే పొదుపు ఖాతా) డబ్బు మీదే, మీతో వస్తుంది. ఎఫ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చులకు కంపెనీ ద్వారా జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా) మిగిలింది సాధారణంగా పోతుంది, కాబట్టి కళ్లజోడో, పళ్ల పనో ఉంటే ఉద్యోగం ఉండగానే చేయించేయండి.

ఇక పాత బిల్లులు. క్లెయిము తిరస్కరిస్తే ఉద్యోగం పోయినా అప్పీలు హక్కు పోదు, 180 రోజులుంటాయి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నచోట) ఆపరేషన్ చేయించుకుంటే, మత్తు డాక్టరు నెట్‌వర్క్‌లో లేడంటూ వేరే బిల్లు పంపడం 2022 జనవరి నుంచి చట్టవిరుద్ధం. ఎమర్జెన్సీకీ అంతే. రోడ్డు అంబులెన్స్ బిల్లుకు మాత్రం ఈ ఫెడరల్ రక్షణ లేదు.

కవరేజీ పోయి 44 రోజులు దాటినా కోబ్రా నోటీసు రాకపోతే హెచ్‌ఆర్‌కు మెయిల్ చేయండి. పలకకపోతే అమెరికా కార్మిక శాఖవారి టోల్‌ఫ్రీ నంబరు 1-866-444-3272.